కుట్లు మానాక అడగాల్సిన మాట

 

పట్టాలందుకున్న యువ వైద్యులారా, సభల్లో ఎవరూ ఎత్తని మాట ఈ రోజు ఎత్తుతున్నాను. పురీషనాళం జారడం గురించి. దొడ్డికి కూర్చున్నప్పుడు పేగు మలద్వారం గుండా బయటికొస్తుంది. మొదట్లో దానంతటదే లోపలికి పోతుంది, పోనుపోను చేత్తో నెట్టుకోవాల్సి వస్తుంది. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకుండా, చీర కింద పాతగుడ్డ మడిచి పెట్టుకుని ఏళ్లు నెట్టుకొచ్చే ఆడవాళ్లున్నారు. పెళ్లికి పిలిస్తే ఒంట్లో బాగోలేదంటారు. బస్సెక్కాలంటే ముందురోజు నుంచే తిండి మానేస్తారు.

ఆపరేషన్ చేస్తాం. పేగు పైకి వెళ్తుంది, కుట్లు మానతాయి, డిశ్చార్జ్ రాసేస్తాం. మోషన్ ఆపుకోగలనా అన్న ఆమె ప్రశ్న అలాగే ఉండిపోతుంది. ఏళ్లపాటు సాగిన కండరం, నరం కోలుకోవడానికి నెలలు పడుతుంది. కొందరిలో పూర్తిగా కోలుకోవు. చాలామందికి పట్టు తిరిగొస్తుంది, కొందరికి కొత్తగా మలబద్ధకం పట్టుకుంటుంది. పురీషనాళాన్ని వెనక, పక్కల విడదీసేటప్పుడు నరాలు తెగడం దీనికి ఒక కారణమంటారు. బెల్జియంలోని లూవెన్‌లో డి'హూర్ బృందం ముందువైపు మాత్రమే విడదీసి మెష్ కుట్టే పద్ధతిని చేపట్టింది అందుకే. వారి ఫలితాలు 2004లో అచ్చయ్యాయి.

ఏ ఆపరేషన్ మేలో తేల్చడానికి జరిగిన ప్రాస్పర్ అధ్యయనం 2013లో వెలువడింది. పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఏది చేసినా రోగుల జీవితం మాత్రం మునుపటికన్నా బాగా మెరుగుపడింది. నా దృష్టిలో ఇది గొప్ప కబురు. పద్ధతుల మీద వాదులాడుకునే సమయంలో కొంత రోగికివ్వండి.

మోషన్ ఆపుకోలేకపోవడాన్ని కొలిచే వెక్స్‌నర్ స్కోరు మీరు చదివారు. ఐదు ప్రశ్నలు, మొత్తం 20 మార్కులు. గట్టి మలం, పలచని మలం, గ్యాస్, ప్యాడ్ గురించి నాలుగు. ఐదోది జీవనం ఎంత మారిందని. మనం హడావుడిగా దాటేసేది సరిగ్గా దాన్నే.

రోగి రివ్యూకి వచ్చినప్పుడు తోడొచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమనండి. "ఇబ్బందేమైనా ఉందా?" అంటే లేదని తలూపుతుంది. "ఈమధ్య ఏ ఊరైనా వెళ్లొచ్చారా అమ్మా? దారిలో బాత్‌రూమ్ కోసం వెతుక్కున్నారా?" అని అడగండి. అప్పుడు చెబుతుంది. చెప్పాక చేయగలిగింది చాలా ఉంది: ఇసబ్‌గోల్, ముక్కకుండా కూర్చోవడం, కటి కండరాల వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్ట్, అవసరమైతే మందులు. వీటికి చీటీ కూడా మీ చేత్తోనే రాసివ్వండి.