నిమ్‌పురా నుంచి ఒక వినతి

విద్యార్థులారా! వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్ క్లాసులో రైలు ఛార్జీ పూర్తిగా మినహాయింపు. తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురాలో రైల్వే ఉద్యోగులకు పాసులుంటాయి. పక్క వీధి కూలికి ఈ రాయితీ సంగతి తెలుసా? మీ పరిశోధన అక్కడ మొదలుపెట్టండి.

అనుమతి తీసుకుని రోగుల ఇళ్లకు వెళ్లండి. పేర్లు రాసుకోవద్దు. చికిత్సకు ఎన్నిసార్లు కోల్‌కతా వెళ్లారు, ఎన్ని రోజుల కూలి పోయింది, డబ్బుల్లేక ఎప్పుడైనా ప్రయాణం మానుకున్నారా, డాక్టరు సంతకం చేసిన రాయితీ పత్రం చేతికందిందా అని అడగండి. విడత తప్పిన చికిత్స జబ్బుకే మేలు చేస్తుంది. ఏటా ఎన్ని రాయితీ టికెట్లు ఇచ్చారో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద రైల్వేను అడగవచ్చు. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు.

ఇక వినతి. జాలి కథలు కాదు, పట్టిక పంపండి. రాయితీ తెలియనివారే ఎక్కువైతే, ఆ నియమాన్ని టికెట్ కౌంటరు వద్ద బెంగాలీ, హిందీ, తెలుగుల్లో అతికించమని కోరండి. తెలిసీ పత్రం అందకపోతే మాత్రం, మీ వినతి వెళ్లాల్సింది ఆసుపత్రికి, రైల్వేకి కాదు.