వీలునామాలో పరిశోధనకొక పాలు
(గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



వీలునామా యనగనే మన పల్లెలలో కొందరు భయపడుదురు. అది వ్రాసినచో చావు దగ్గరపడునని వారి శంక. గాదె కట్టినంత మాత్రమున కరవు రాదు. వీలునామా వ్రాసినంత మాత్రమున ఆయువు తగ్గదు.

మన పెద్దలు చెరువులు త్రవ్వించిరి, సత్రములు కట్టించిరి. తామెన్నడును చూడని బాటసారి దప్పిక తీర్చుటయే పుణ్యమని తలచిరి. ఆ ధర్మమునకు నేడు మరియొక మార్గము గలదు. రాచపుండని పూర్వులు చెప్పిన కాన్సరు వ్యాధిపై జరుగు పరిశోధనకు మన కష్టార్జితములో కొంత భాగమును వీలునామా మూలమున విడిచిపోవచ్చును.

"పరిశోధన వలన పల్లెకేమి మేలు?" అని మమ్ము కొందరడుగుదురు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో చుట్ట నిప్పుకొనను నోటిలో నుంచి పీల్చు 'అడ్డపొగ' అలవాటు, ముఖ్యముగా స్త్రీలలో, ఉండెడిది. పరిశోధకులు 1960 తరువాతి సంవత్సరములలో ఇల్లిల్లు తిరిగి నోళ్లు పరీక్షించిరి. అంగిలిలో పుట్టు కాన్సరుకు ఆ అలవాటు కారణమని తేలినది. విధివ్రాత యనుకొన్నది మానుకొనదగిన అలవాటని తెలియుట సామాన్యమైన మేలు కాదు.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని ప్రయోగశాలలో పనిచేయుచు, తమ సహచరులతో కలిసి అమినోప్టెరిన్ అను మందును రూపొందించిరి. రక్తకాన్సరు సోకిన పిల్లలలో ఆ మందు వలన వ్యాధి కొంతకాలము వెనుకకు తగ్గుట 1948లో బోస్టను వైద్యులు ప్రకటించిరి. ఆ జాతికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది.

పరిశోధన ఒక పంటకాలములో ముగియునది కాదు. దానికి ఏండ్ల తరబడి ధనము కావలెను. మెహెర్‌బాయి టాటాగారు 1931లో రక్తకాన్సరుతో మరణింపగా, ఆమె భర్త దొరాబ్జీ టాటాగారు ఆ వ్యాధి పరిశోధనకై 1932లో ధర్మనిధిని నెలకొల్పిరి. తమ సంపదను వేరొక ధర్మనిధికి అప్పగించి, ఆ యేడే కన్నుమూసిరి. ఆ రెండవ నిధియే 1941లో బొంబాయిలో టాటా స్మారక ఆసుపత్రిని తెరచినది. దాత చూడని ఆసుపత్రి లక్షలాది రోగులకు ఆశ్రయమైనది.

"మేము టాటాలము కాము గదా!" అనవచ్చును. నిజమే. కాని చెరువుగట్టు తట్టెడు తట్టెడు మట్టితోనే లేచును. ముందు భార్యాబిడ్డల పోషణ, పిదప అప్పుల తీరుదల. అటుపిమ్మట మిగిలినదానిలో పదియవ వంతో, ఇరువదియవ వంతో వ్రాసిన చాలును. ఇంత రొక్కమని గాక, మిగిలినదానిలో ఇంత వంతని వ్రాసినచో కుటుంబమునకు లోటు రాదు.

వ్రాయు విధము సులభము. 18 ఏండ్లు నిండి, స్థిరబుద్ధి గలవారెవరైనను వ్రాయవచ్చును. స్టాంపు కాగితము అక్కరలేదు. వ్రాసినవారి సంతకమో వేలిముద్రయో చూచి, ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. ఆస్తి పొందువారు సాక్షులుగా నుండకుండుట మేలు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అయినను సబ్-రిజిస్ట్రారు కచేరిలో చేయించినచో తగవులు తగ్గును. ఉమ్మడి ఆస్తిలో తన పాలు మాత్రమే వ్రాయవలెను. ముస్లిము సోదరుల విషయమున, వారసుల సమ్మతి లేనిచో మూడవ వంతుకు మించి చెల్లదు. బ్రతికియున్నంత కాలము వీలునామాను ఎన్నిమారులైనను మార్చుకొనవచ్చును.

'కాన్సరు ఆసుపత్రికి' అని ముక్తసరిగా వ్రాయరాదు. సంస్థ పూర్తి పేరు, చిరునామా, ధనము పరిశోధనకే వినియోగింపవలెనను మాట స్పష్టముగా నుండవలెను. ముందుగా ఆ సంస్థకు జాబు వ్రాసి విచారింపుడు. ఇంటికి వచ్చి చందా అడుగు అపరిచితులను నమ్మకుడు. నమ్మకస్తుడగు నొకనిని అమలుకర్తగా నియమింపుడు. అన్నిటికంటె ముఖ్యముగా, మీ సంకల్పమును బిడ్డలకు ముందే చెప్పుడు. తండ్రి మనసు తెలిసిన బిడ్డలు ఆ దానమును నష్టముగా గాక, తమ యింటి గౌరవముగా భావింతురు.

నేడు మనము నాటిన మామిడి ఫలమును మనుమలు తిందురు. ఈ దానఫలము ఏ యూరి బిడ్డకు ప్రాణము పోయునో మన మెరుగము. ఎరుగకయే చేయుట ధర్మము.