గడ్డిపోచలో దాగిన అగ్ని
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



అరణికొయ్యలో అగ్ని దాగియున్నదని మన పెద్దలు చెప్పిరి. నేడు ఆ అరణి మన పొలములలోనే యున్నది. జనగామ ప్రత్తికట్టెను, మహబూబాబాదు మిరపకట్టెను, భూపాలపల్లి వరిగడ్డిని కోతమిషన్లు వచ్చిన పిదప ఎందరో చేనిలోనే తగులబెట్టుచున్నారు.

వానినుండి శక్తిని తీయుట నూతనమైన యోచన కాదు. 1900లో పారిస్ ప్రదర్శనమున వేరుసెనగ నూనెతో ఇంజను నడచినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు కరవై కట్టెబొగ్గు గ్యాసుతో బస్సులు నడచినవి. ఆదిలాబాదు అడవులలోని పవర్‌గూడ మహిళలు కానుగ నూనె తీసి, 147 టన్నుల బొగ్గుపులుసు వాయువును తగ్గించినందులకు 2003లో ప్రపంచ బ్యాంకునుండి 645 డాలర్లు పొందిరి.

భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ విద్యుత్కేంద్రము శక్తి 1,100 మెగావాట్లు. బొగ్గుతోపాటు పంటవ్యర్థముల గుళికలను కాల్చవలెనని కేంద్ర ప్రభుత్వము 2021లో విధానము ప్రకటించినది. 2023లో దానిని సవరించి, 2024-25కు నూటికి 5 పాళ్లు, 2025-26 నుండి 7 పాళ్లు అని నిర్ణయించినది. నేను లెక్కలవాడను, లెక్క వేసి చూచితిని. ఆ కేంద్రము పూర్తిశక్తితో ఒక దినము నడచినచో 2 కోట్ల 64 లక్షల యూనిట్లు. యూనిట్టుకు కిలోలో మూడింట రెండుపాళ్ల బొగ్గు అనుకొన్నచో 17,600 టన్నులు. అందు నూటికి 5 పాళ్లు 880 టన్నులు. ఎకరమునకు 2 టన్నుల గడ్డి చొప్పున, దినమునకు 440 ఎకరముల గడ్డి!

జమపద్దు ఇంత పెద్దది. ఇక ఖర్చుపద్దు చూడుడు. గడ్డి తేలిక, లారీ నిండినను తూకము రాదు. కావున పొలము చెంతనే అదిమి గుళికలు చేయు యంత్రము కావలెను. పంట చేతికి వచ్చునది కొన్ని మాసములే. బాయిలరు ఆకలి పండ్రెండు మాసములది. వరిగడ్డిలోని సిలికా, పొటాషు కొలిమిలో కరగి గొట్టములకు అట్టకట్టును. ప్రత్తికట్టెకు ఈ దోషము తక్కువ. పైగా దానిని చేనిలో నిలిపినచో గులాబీరంగు పురుగు అందు దాగి మరుపంటను చెరచును. కనుక ముందుగా పోవలసినది ప్రత్తికట్టెయే.

అన్నింటికంటె పెద్దఖర్చు లెక్కపుస్తకమున కానరాదు. గడ్డి పశువునకు మేత, మోడు నేలకు ఎరువు. అంతయు అమ్ముకొన్నచో పశువు పస్తుండును, నేల బీదదగును. ధాన్యమునుండి ఇథనాలు తీయుటలోను ఇట్టి ప్రశ్నయే కలదు. పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపవలెనను గడువును 2022లో 2030 నుండి 2025-26కు ముందునకు జరిపిరి. 2024లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు ఇథనాలు కర్మాగారము వలదని రహదారిపై బైఠాయించిరి. నీరు, గాలి చెడునని వారి భయము. ఆ భయమునకు సమాధానము చెప్పక శంకుస్థాపన చేయరాదు.

కావున నా మనవి యిది: ముందు పశువునకు, పిదప నేలకు, మిగిలినది బాయిలరునకు. ఒక్కొక్కరుగా బేరమాడినచో దళారి గెలుచును. సంఘముగా కూడి బేరమాడుడు. తూకము, ధర, రవాణా ఖర్చు కాగితముపై తేలనిదే గడ్డి బండి కదలరాదు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమున చదువుకొన్న ఊరు, ఒప్పందపత్రమును కడవరకు చదివి గాని వ్రేలు కదపకుండుటయే ఈ రజతోత్సవమునకు నిజమైన ఫలము.