టాడీ యను మాట



ఇంగ్లీషు నేర్చు బాలుడు కల్లునకు ‘టాడీ’ యని వల్లించును. అది సీమనుండి వచ్చిన మాట యని తలచును. నిజమునకది మన చేలగట్లమీది మాటయే. తెలుగున తాడి, సంస్కృతమున తాలము, హిందీలో తాడ్. ఆ చెట్టునుండి దించిన కల్లు హిందీలో తాడీ యైనది. 17వ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన ఇంగ్లీషువారు దానినే టాడీ యనిరి. పిమ్మట స్కాట్లండులో వేడినీరు, చక్కెర కలిపిన విస్కీకిని ఆ పేరే చెల్లినది.

సారాయిని వారు ‘అరాక్’ అందురు. అది అరబ్బీ పదము; చెమట యని దాని అర్థము. బట్టీలో బొట్టుబొట్టుగా దిగుటచే ఆ పేరు వచ్చినది.

కూలివాని చెమట సారాయంగడి పాలగుట చూచినవారు మన పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు. అక్షరములు నేర్వవచ్చిన ఆ తల్లులు తమ యూరి సారాయంగడిని మూయించిరి. 1992 నాటికి ఆ యుద్యమము జిల్లా యంతటను ప్రాకినది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడినది.

టాడీ యను మాట నేర్చిన బాలుడు ఈ కథయు చదువవలెను. నిఘంటువు ప్రక్కనే చరిత్రయు నుంచుట గ్రంథాలయ ధర్మము.