చెంచు పెంటకు చేరాల్సిన టీకా



పట్టాలందుకుంటున్న నల్లగొండ, పాలమూరు బిడ్డల్లారా, మీలో మైక్రోబయాలజీ చదివినవాళ్లు ఈ ప్రయోగం చేసే ఉంటారు. వడగట్టిన మురుగునీటి చుక్కను ఈ-కోలై బ్యాక్టీరియాతో కలిపి, పెట్రీ డిష్‌లో పోసి, రాత్రంతా 37 డిగ్రీల వద్ద ఉంచుతాం. తెల్లారేసరికి మీగడలా పరుచుకున్న బ్యాక్టీరియా పొరలో అక్కడక్కడ గుండ్రంగా తేటపడిన మచ్చలు కనిపిస్తాయి. అక్కడ బ్యాక్టీరియా చచ్చిపోయింది. చంపింది బ్యాక్టీరియోఫేజ్, పొట్టిగా ఫేజ్, అనే వైరస్. అది మనిషి కణాల జోలికి రాదు.

టీ4 అనే ఒక్క ఫేజ్ మీద మన తెలుగు శాస్త్రవేత్త వెనిగళ్ల రావు గారు దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. బెంగళూరు ఐఐఎస్‌సీలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లి, వాషింగ్టన్‌లోని కాథలిక్ యూనివర్సిటీలో స్థిరపడ్డారు. 120 నానోమీటర్ల పొడవున్న తలలోకి దాదాపు 1,70,000 అక్షరాల డీఎన్‌ఏను ఈ ఫేజ్ ఎలా కుక్కుతుందన్నది ఆయన పట్టుకున్న ప్రశ్న. ఆ తల మీద సాక్ ప్రోటీన్ ప్రతులు 870, హాక్ ప్రతులు 155 ఉంటాయి. ఇవి లేకున్నా ఫేజ్ బతుకుతుంది. అందుకే వాటికి వేరే వైరస్ ముక్కలను అతికించవచ్చు. ఒకే ముక్క వందలసార్లు వరుసగా ఎదురైతే మన రోగనిరోధక శక్తి గట్టిగా స్పందిస్తుంది.

కోవిడ్ వచ్చినప్పుడు రావు గారి ఆ పాత చదువే పనికొచ్చింది. ఆయన బృందం క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో టీ4ను మార్చి, కరోనా వైరస్ స్పైక్ ప్రోటీన్‌ను దాని మీద నిలిపింది. 2021లో, 2022లో ఫలితాలు ప్రచురించింది. ముక్కులో వేసిన టీకా ఎలుకలను కాపాడింది, గది ఉష్ణోగ్రతలో వారాల తరబడి చెడలేదు. మనుషులకు ఆమోదం ఇంకా రావాలి.

నన్ను కదిలించింది ఆ చెడకపోవడమే. శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో తయారయ్యే టీకాల్లో చాలావాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. నడివేసవిలో వాటిని ఐస్ ప్యాకుల పెట్టెలో పెట్టుకుని అమ్రాబాద్ అడవిలోని చెంచు గిరిజనుల పెంటలకు, అంటే గూడేలకు, నడిచి వెళ్లే ఏఎన్‌ఎం అక్కను తలచుకోండి. ఈ-కోలైలో చౌకగా పెరిగే, ఐస్ లేకున్నా చెడని టీకా మొదట కావలసింది ఆమెకే.

మన విశ్వవిద్యాలయాలను, జీనోమ్ వ్యాలీ సంస్థలను ఒకటే కోరుతున్నాను: ఫేజ్ టీకాల పరిశోధనలో ఈ జిల్లాల పిల్లలకు చోటివ్వండి. పిల్లలూ, ఆ చోటు అడిగి తీసుకోండి.