కార్బురేటరు నేర్పిన పాఠం
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత కార్లు ఇంకా వదలని మిత్రులు మనలో కొందరున్నారనీ, నేను నా బండి కార్బురేటరు విప్పి బాగుచేసుకున్న వైనం నాలుగు మాటల్లో చెప్పమనీ కార్యదర్శిగారు అడిగారు. నేను ఇంజనీరును కాను. 35 ఏళ్లు అకౌంట్సు సెక్షనులో బిల్లులు పాసు చేసినవాణ్ణి. కాబట్టి తప్పులుంటే మెకానికల్ సెక్షను మిత్రులు మన్నించాలి.

నా బండి 1987 నాటి ప్రీమియర్ పద్మిని. ఆఫీసు నుంచి మోటారు కారు అడ్వాన్సు తీసుకుని కొన్నాను. ఆ వాయిదాలు జీతంలో కోత పడుతుంటే మా ఆవిడ పచ్చళ్లతో నెల గడిపిన రోజులున్నాయి. పిల్లల పెళ్లిళ్లకు తిరిగింది ఆ బండే. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చుకున్నట్టే, అదీ 5 ఏళ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకుంటూ వస్తోంది. అందుకే అమ్మబుద్ధి కాలేదు.

కార్బురేటరు అంటే ఏమిటో ముందు చెబుతాను. వెనక మనం దోమలకు కొట్టిన ఫ్లిట్ పంపు గుర్తుంది కదా! గొట్టంలో గాలి వేగంగా పోతుంటే కింది డబ్బాలో మందు పైకి లేచి తుంపరగా వస్తుంది. కార్బురేటరు చేసే పనీ అంతే. మధ్యలో సన్నబడిన గొట్టంలోంచి ఇంజిను గాలి పీలుస్తుంది. సన్నబడిన చోట గాలి వేగం పెరిగి, ఒత్తిడి తగ్గి, జెట్టు అనే సన్న రంధ్రంలోంచి పెట్రోలు తుంపరై గాలిలో కలుస్తుంది. బరువులో 1 పాలు పెట్రోలుకు దాదాపు 15 పాళ్లు గాలి కావాలి. అంటే 1 లీటరు పెట్రోలు కాలడానికి సుమారు 9,000 లీటర్ల గాలి! గాలి తగ్గితే నల్ల పొగ, పెట్రోలు తగ్గితే బండి కొట్టుకోవడం.

ఈ పెట్రోలు నిలవుండే చిన్న గిన్నెను ఫ్లోటు చాంబరు అంటారు. మన డాబా మీది నీళ్ల ట్యాంకులో బంతి తేలి కుళాయి మూసినట్టే, ఇందులోనూ ఒక ఫ్లోటు తేలి, నీడిల్ వాల్వును మూసి, పెట్రోలు మట్టం పెరక్కుండా ఆపుతుంది. నా కథంతా ఈ బంతి దగ్గరే ఉంది.

2023 వానాకాలంలో బండి లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చేది 8కి దిగింది. సిగ్నలు దగ్గర ఆగితే వణికేది. వేడి మీద ఆపితే మళ్లీ స్టార్టు కావడానికి మొరాయించేది. పాత బండి కదా అని సరిపెట్టుకున్నాను. ఆ రోజుల్లోనే మా కోడలు, "మావయ్యగారూ, కార్లో పెట్రోలు వాసన వస్తోందండీ" అంది. నేను పీల్చి చూశాను. నాకేమీ రాలేదు. "అదేం లేదమ్మా, రోడ్డు మీది పొగ" అన్నాను. వారం తర్వాత మళ్లీ చెప్పింది. "36 ఏళ్లుగా నడుపుతున్నాను, నాకు తెలీదా?" అని కసిరాను. ఆ పిల్ల మరి మాట్లాడలేదు.

తర్వాత ఒకనాటి సాయంత్రం మనవరాలిని ట్యూషను నుంచి తీసుకొస్తుంటే, బెంజి సర్కిల్ దగ్గర బండి ఆగిపోయింది. స్టార్టరు కొడుతున్నాను, కొడుతున్నాను, అంటుకోదు. పక్కన ఆటో కుర్రవాడు దిగివచ్చి, "తాతగారూ, తాళం తిప్పకండి! పాపను దించేయండి ముందు!" అని అరిచాడు. బానెట్టు ఎత్తి చూస్తే కార్బురేటరు మూత అంచుల నుంచి పెట్రోలు పొర్లి వేడి ఇంజిను మీద పడుతోంది. స్టార్టరు దగ్గర ఒక్క నిప్పురవ్వ లేస్తే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. మనవరాలి చెయ్యి పట్టుకుని ఫుట్‌పాత్ మీద నిలబడ్డప్పుడు నా కాళ్లు వణికాయి. వయసుతోపాటు చూపు, వినికిడే కాదు, వాసన కూడా తగ్గుతుందని డాక్టరుగారు తర్వాత చెప్పారు. నా ముక్కు నన్ను మోసం చేస్తే, ఆ కోపం కోడలి మీద చూపించానన్నమాట.

ఆ భయంతో, పాతది విప్పి చూడకుండానే, కొత్త కార్బురేటరు కొనేశాను. బోల్టులు సరిపోయాయి గాని, బండి నడక సరిపోలేదు. గేరు మార్చి తొక్కితే ఒక్క క్షణం గుటక వేసి తర్వాత కదిలేది. 10 రోజులు వేగి, చివరికి ఆటోనగర్‌లో ఒక ముసలి మేస్త్రి దగ్గరకు వెళ్లాను. ఆయన చూసి నవ్వి, "ముక్కుకి జబ్బు చేస్తే తల మార్పించుకున్నారా బాబుగారూ? పాతది పారేశారా, ఉందా?" అన్నాడు. అదృష్టవశాత్తు అటక మీద ఉంది.

కొత్తదాని జెట్ల మీది అంకెలు, పాతవాటి మీది అంకెలు పక్కపక్కన పెట్టి చూపించాడు. రెండూ వేరు. జెట్టు మీద ముద్రించిన అంకె దాని రంధ్రం కొలత. అది తేడా అయితే ఆ ఇంజినుకు పనికిరాదు. బిల్లులో అంకె తేడా వస్తే అభ్యంతరం రాసి వెనక్కి పంపిన నేను, ఇక్కడ అంకె చూడకుండా పాసు చేశాను!

తర్వాత రెండు పూటలు ఆయన పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. చేతులు ఆయనవి, నోట్సు నావి. విప్పే ముందే ప్రతి కోణం నుంచి ఫొటోలు తీయించాడు. విప్పిన ముక్కలు వరసగా తెల్లగుడ్డ మీద పెట్టాడు. ఫ్లోటు చాంబరు అడుగున తెల్లని పొడి, తుప్పు బురద. నీడిల్ కొసకు గోటితో తగిలేంత గాడి. ఇత్తడి ఫ్లోటు చెవి దగ్గర ఆడిస్తే లోపల పెట్రోలు చప్పుడు! దాన్ని వేడినీళ్లలో ముంచితే సన్నని బుడగలు వచ్చాయి. బంతికి చిల్లు పడి, బరువెక్కి మునిగితే, కుళాయి ఎలా మూసుకుంటుంది? అందుకే పెట్రోలు పొర్లింది. అతుకు వేస్తే బరువు పెరిగి మట్టం మారుతుందని కొత్త ఫ్లోటే వేశాడు.

పై మూతను అద్దం పలక మీద బోర్లించాడు. అది ఒకవైపు వంగి ఉంది. ఎన్నో ఏళ్లుగా మరీ బిగించి బిగించి వంచామట. పలక మీద ఎమరీ కాగితం పరచి సాపు చేశాడు. జెట్లలో తీగ దూర్చనివ్వలేదు; రంధ్రం అరిగితే కొలత పోతుంది. క్లీనరుతో కడిగి గాలి కొట్టడమే. కిట్టులోని గ్యాస్కెట్లు, వాషర్లు, పంపు డయాఫ్రం, నీడిల్ కొత్తవి వేశాడు. ఆ కిట్టు, ఫ్లోటు కలిపినా నేను కొన్న కొత్త కార్బురేటరు ధరలో పదోవంతు కాలేదు. చివరగా మిక్చరు స్క్రూను మెత్తగా అంటేదాకా తిప్పి, అక్కడినుంచి ఒకటిన్నర చుట్లు వదిలాడు. బండి వేడెక్కాక పొగ పరీక్ష యంత్రం చూస్తూ సరిచేశాడు. మా కాలపు బండ్లకు కార్బన్ మోనాక్సైడు 3 శాతం మించకూడదు.

మరి ఎప్పుడు కొత్తది వేయాలి? థ్రాటిల్ కడ్డీ పట్టుకుని ఆడిస్తే ఊగుతూ, బుష్ వేయడానికి కూడా వీలులేకుండా అరిగిపోతే. బాడీ పగిలితే. మరలు పోతే. అప్పుడు కూడా అదే రకం, అవే జెట్టు అంకెలు చూసి కొనాలి.

ఇంకొక ముఖ్య విషయం. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మన దేశంలో అమ్మకానికి వచ్చింది. మన పాత బండ్ల రబ్బరు గొట్టాలు, డయాఫ్రంలు దానికోసం చేసినవి కావు. ఉబ్బుతాయి, పగుళ్లిస్తాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండిని నెలల తరబడి నిలబెడితే ఆ నీరు లోపల లోహాన్ని తినేస్తుంది. నేను చూసిన తెల్లపొడి అలాంటిదేనన్నాడు మేస్త్రి. కాబట్టి ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేయించండి. ఫిల్టరు తరచు మార్చండి. వారానికొకసారైనా బండిని పది కిలోమీటర్లు తిప్పండి.

జాగ్రత్తలు మూడు. కార్బురేటరు పని ఆరుబయటే చేయాలి, వంటగది పక్కనో, దేవుడి దీపం ఉన్న వరండాలోనో కాదు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగ విప్పాలి. పెట్రోలు గొట్టాన్ని నోటితో పీల్చకూడదు, ఎంత అలవాటున్నా సరే.

బండి ఇప్పుడు మళ్లీ 12 ఇస్తోంది. ఆ కొత్త కార్బురేటరు అటకెక్కింది, నా తొందరపాటుకు గుర్తుగా. మొదటిసారి బండి ఇంటికి తెచ్చిన రోజు కోడలిని పిలిచి, "అమ్మా, నువ్వు రెండుసార్లు చెప్పావు, నేను వినలేదు. తప్పు నాదే" అన్నాను. ఇంట్లో అందరి ముందూ అన్నాను. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, "బానెట్టు ఎత్తండి మావయ్యగారూ, ఒకసారి చూస్తాను" అంది. అప్పటినుంచి నెలకొకసారి వాసన పరీక్ష ఆమెదే. ఆమె సరేనంటేనే మనవరాలు బండి ఎక్కుతుంది.

మిత్రులారా, మనకు అనుభవం ఉంది, కాదనను. కాని ఇంట్లోవాళ్లు "వాసన వస్తోంది", "చప్పుడు వినిపిస్తోంది", "బండి పక్కకు పోతోంది" అంటే, దయచేసి కసరకండి. బానెట్టు ఎత్తి చూడండి. ఏమీ లేకపోతే పోయేది ఐదు నిమిషాలే.