నీటి ప్రాణికి నీరే మందు
(కోరమండల్ తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠము)



భాషాసాహిత్యములను గూర్చి మాట్లాడుకొను ఈ వేదికపై నేడొక పెంపుడు ప్రాణి వైద్యమును ముచ్చటించుటకు కారణము మొదట విన్నవించుకొందును. 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన మన గనులు మూతపడిన తరువాత, మన పిల్లలు పెక్కుమంది తెల్లవారుజామున బండి యెక్కి బెంగుళూరికి పనికి పోవుచున్నారు. వారు ముచ్చటపడి తెచ్చిన ప్రాణులను పగలెల్ల కనిపెట్టుకొని యుండువారము ఇంటి పెద్దలమే. అట్టి ప్రాణి యొకటి మా యింట గాయపడినప్పుడు, తెలియనితనముచే నేను దానిని చంపినంత పని చేసితిని. ఆ తప్పు మీ యిండ్లలో జరుగకుండుటకే ఈ నాలుగు మాటలు.

ఆ ప్రాణి పేరు ఆక్సొలోటల్. ఇది చేప కాదు, కప్పవలె ఉభయచరము. నాలుగు కాళ్లును, పొడవైన తోకయు, తలకు ఇరువైపుల మూడేసి కుచ్చులవంటి మొప్పలును కలిగి జానెడు పైచిలుకు పెరుగును. కప్పపిల్ల పెరిగి నేలకెక్కును. ఇదియో, సాధారణముగా జీవితాంతము పిల్లరూపముననే యుండి, నీటిలోనే గ్రుడ్లు పెట్టును. దీని పుట్టినిల్లు మెక్సికో నగరమందలి షోచిమిల్కో కాలువలు. అచ్చట 1998లో చదరపు కిలోమీటరునకు సుమారు 6,000 ఉన్నట్లు అంచనా వేయగా, 2014 నాటికి ఆ సంఖ్య 36కు దిగినది. నీరు మురికియగుటయు, బయటినుండి తెచ్చి విడిచిన చేపలు వీని గ్రుడ్లను పిల్లలను తినివేయుటయు ముఖ్య కారణములు. పుట్టినింట నశించుచున్న ప్రాణి మన యింటి గాజుతొట్టిలో నున్నదనిన, మన బాధ్యత చిన్నది కాదు.

మా యింట రెండు ప్రాణులొక్క తొట్టిలో నుండెడివి. ఒకనాడు పెద్దది ఆకలిగొని చిన్నదాని ముందుకాలి కొనను కొరికివేసినది. గాయము చూడగానే మనవారి చేయి పోవునది పసుపు డబ్బాకే గదా! నేనును పసుపు పూయబోతిని, మనుమరాలు అడ్డుపడినది. ఊరకుండలేక తొట్టిలోని నీరంతయు పారబోసి, కుళాయినీరు నేరుగా నింపితిని. అవి వేసవి దినములు. నాలుగవనాటికి గాయముపై తెల్లని దూదివంటి బూజు పట్టినది. మొప్పల కుచ్చులు ముడుచుకొనిపోయినవి.

ఈ బూజు ఎక్కువగా సాప్రొలెగ్నియా యను నీటిబూజు జాతిది. దాని బీజములు నీటిలో ఎప్పుడును ఉండునవే. ఆరోగ్యముగల చర్మముపైనుండు జిగురుపొర వానిని నిలువనీయదు. గాయము, వేడిమి, మురికి – ఈ మూడును కలసినచో తలుపు తెరచినట్లే.

గనిలో దిగినవారి బిడ్డలము మనము. పైకి కనబడు దెబ్బ కొన్నాళ్లకు మానెడిది. పీల్చిన రాతిధూళి మాత్రము రొమ్మున నిలిచి యేండ్లతరబడి బాధించెడిది. లోతున వేడిమికి తాళలేరని యంత్రములతో చల్లార్చిన గాలిని లోనికి పంపెడివారు. మనకు గాలి యెట్టిదో ఆక్సొలోటలునకు నీరట్టిది. మొప్పలతోను చర్మముతోను అది నీటినుండి ప్రాణవాయువును గ్రహించును. కావున గాయమునకు ముందు నీటికి వైద్యము చేయవలెను.

చేయవలసిన పనులివి. గాయపడినదానిని వెంటనే వేరుచేసి, కొన్ని లీటర్లు పట్టు శుభ్రమైన ప్లాస్టిక్ తొట్టిలో నుంచవలెను. సబ్బు తగిలిన పాత్ర పనికిరాదు. క్లోరిన్ కలిసిన నీటిని నేరుగా పోయరాదు. చేపల దుకాణములలో దొరకు క్లోరిన్ విరుగుడును చీటీపై వ్రాసిన కొలతప్రకారము కలుపవలెను. ఆ చిన్న తొట్టి నీటిని దినమున కొకసారి పూర్తిగా మార్చవలెను. నీటియెద్దడిగల మన యూరిలో ఇది భారమని తోచవచ్చును గాని, కావలసినది రెండు మూడు బిందెలకు మించదు.

నీటి వేడిమి 16 మొదలు 18 డిగ్రీల వరకు ఉండుట మేలు. 22 దాటిన అపాయము మొదలగును. తొట్టికి పంకా గాలి తగులనిచ్చి, మూత బిగించిన సీసాలో గడ్డకట్టించిన నీటిని తేలవేయవచ్చును. ఒక్కసారిగా చల్లార్చరాదు.

బూజు కనబడినచో, అయొడిను మొదలగునవి కలపని ఉప్పును లీటరునకు 10 గ్రాముల చొప్పున వేరొక పాత్రలో కరగించి, ప్రాణిని పది నిమిషములుంచి, మంచినీటికి మార్చవలెను. దినమునకు రెండు మారులు, కొన్ని దినములు చాలును. పదునైదు నిమిషములు మీరిన మొప్పలే చెడును. పసుపు, లేపనములు, మన గాయములకు పూయు అయొడిను ద్రవము – వీనిని వైద్యుడు చెప్పనిదే వాడరాదు. రాగి కలిసిన చేపమందులు దీనికి విషప్రాయములు.

ఇంతమాత్రము చేసి ఓపిక పట్టినచో ప్రకృతి తన పని తాను చేయును. తెగిన కాలిని ఎముకతోను, కండరముతోను, నరముతోను తిరిగి మొలిపించుకొను శక్తి ఈ ప్రాణికి కలదు. పిల్లప్రాయమున అది త్వరగా జరుగును. వయసు మీరినకొలది ఆలస్యమగును. మా యింటిదానికి రెండునెలలు దాటుసరికి చిన్న వ్రేళ్లు కనబడినవి. అయితే ఆ శక్తిని నమ్మి అశ్రద్ధ చేయరాదు. తిండి మానినను, పొట్ట ఉబ్బినను, ఎఱ్ఱని మచ్చలు వచ్చినను, బూజు తగ్గక వ్యాపించినను, జలచరముల వైద్యమెరిగిన పశువైద్యుని వెంటనే చూడవలెను.

మరియొక మాట. ఈ ప్రాణి అంతర్జాతీయ వాణిజ్య నియమములకు లోబడిన జాతి. 2024 ఫిబ్రవరిలో వెలువడిన కేంద్ర నియమములనుబట్టి, దీనిని పెంచువారు పరివేష్ అను ప్రభుత్వ అంతర్జాల ద్వారమున నమోదు చేయించుకొనవలెను. ఇంట నున్నవారు పిల్లలకీమాట గుర్తుచేయుదురుగాక.

బేతమంగళ చెరువు నీటితో పెరిగిన ఊరు మనది. నీటి విలువ మనకొకరు చెప్పనక్కరలేదు. ఆ యెరుకను పిల్లల గాజుతొట్టి వరకు తీసికొనిపోవుదమని మనవి చేయుచున్నాను.